తుపాను సాయం: చేతికివ్వాలా, ఖాతాలో వెయ్యాలా?

గాలివాన వెలిసిన మర్నాడు సముద్రతీరాన మైపాడులోనైనా, కొత్తపట్నం పల్లెపాలెంలోనైనా ఇంటికి ముందు కావలసింది మందులు, పాలపాకెట్, కూరగాయలు. బియ్యం సర్కారే ఇస్తుంది. 2025 అక్టోబరు మొంథా తుపానుకు ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి 25 కిలోలు, మత్స్యకారులకు 50 కిలోలు ప్రకటించారు. పునరావాస కేంద్రంలో ఉన్నవాళ్లకు మనిషికి 1,000, కుటుంబానికి 3,000 మించకుండా డబ్బు కూడా. ఆ డబ్బు ఏ దారిన రావాలన్నదే ప్రశ్న.

ఖాతాలో వేస్తే మధ్యలో కోత ఉండదు, లెక్క మిగులుతుంది. అయితే ఆధార్ మీద పంపే సొమ్ము మన చేతిలోని పాస్‌బుక్కుకే వస్తుందని లేదు. ఆధార్‌కు చివరిసారి ఏ బ్యాంకు ఖాతా లింకయిందో అందులో పడుతుంది. పొదుపు సంఘం లోను కోసమో, బంగారం తాకట్టు కోసమో తెరిచి మరిచిపోయిన ఖాతా అయితే డబ్బు వచ్చినట్టే తెలియదు. ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే ఏ బ్యాంకో కనిపిస్తుంది. ఓటీపీ ఆధార్‌కు ఇచ్చిన ఫోన్‌కే వస్తుంది కాబట్టి ఆ పని వానల ముందే, సెప్టెంబరులోనే చూసుకోవాలి.

పడిన డబ్బు తీయడం ఇంకో పాటు. కరెంటు లేక ఏటీఎం పనిచేయదు, టవర్ పడిపోతే వేలిముద్ర మిషనూ పనిచేయదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే కోతకు గురై రాకపోకలే ఆగాయి. పైగా వల లాగి, ఉప్పునీళ్లలో నాని అరిగిన బొటనవేలిని మిషన్ మూడుసార్లు కాదంటుంది. అప్పుడు మిగతా వేళ్లు వరసగా పెట్టించి చూడాలి, ఒకటైనా పడవచ్చు. 2024 మే నెలలో పింఛన్లు ఖాతాల్లో వేసినప్పుడు ఎర్రటి ఎండలో ముసలివాళ్లు బ్యాంకుల ముందు పడిన అవస్థ రాష్ట్రమంతా చూసింది.

తపాలా ఉద్యోగి మిషన్ తెచ్చి గుమ్మం ముందే డబ్బు తీసిచ్చే పద్ధతి మధ్యేమార్గం. దారి ఉండి, సిగ్నల్ ఉంటే చాలా మంచిది. మొదటి రెండు మూడు రోజులు ఆ రెండూ దొరకడం కష్టం.

అందుకే మా మాట: మొదటి వెయ్యి, మూడువేలు పునరావాస కేంద్రం నుంచి ఇంటికి బయల్దేరేలోపే చేతికివ్వాలి. ఇల్లు కూలినందుకు, పడవ, వల, పంట పోయినందుకు వచ్చే పెద్ద సొమ్ము ఖాతాలోనే పడాలి. దానికి నష్టం చూసి రాసే పంచనామా ఎలాగూ కావాలి, ఆ వ్యవధిలో ఖాతా సరిచేసుకోవచ్చు.

చేతికిచ్చేదాంట్లో చిక్కు జాబితాతో వస్తుంది. కేంద్రానికి రాకుండా చుట్టాలింటికి వెళ్లినవాళ్ల పేరు రిజిస్టర్లో ఉండదు. పెళ్లయి వేరుకాపురం పెట్టినా పాత రేషన్ కార్డులోనే ఉన్న జంటకు విడిగా రాదు. లోపలికి వచ్చినప్పుడే పేరు, ఆధార్ చివరి నాలుగంకెలు రాసుకుని, ఆ జాబితా అదే సాయంత్రం ఊరి సచివాలయం గోడకు అంటించాలి. తప్పిపోయినవాళ్లు అప్పుడే అడుగుతారు. నోట్లు వందలు, రెండువందలుగా తేవాలి. వరదలో పాలెం కొట్లో అయిదువందలకు చిల్లర పుట్టదు. డబ్బు ఇంటి ఆడమనిషి చేతికిచ్చి, పక్కింటివాళ్ల సంతకం సాక్షిగా పెట్టించాలి.

చెరువుకట్టల మీద, కాలువగట్ల మీద గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాల్లో కార్డూ ఆధార్ లేనివాళ్లున్నారు. వాళ్లకు ఖాతా అసలు దారే కాదు. గిరిజన కాలనీ పెద్దను వెంటబెట్టుకుని గుడిసె గుడిసెకూ తిరిగి, తలలు లెక్కపెట్టి ఫొటో తీసి, అక్కడికక్కడే డబ్బివ్వాలి. ఆధార్ నమోదు మిషన్ నీళ్లు తీసిన వారంలోపే ఆ గట్టు మీదికి రావాలి.