మిషిగన్‌లో "ఇన్సులేటెడ్ గ్రీన్‌హౌస్ కిట్" కొనబోయే తెలుగువాళ్లు ముందు ఇది చదవండి

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు గ్రూపుల్లో గ్రీన్‌హౌస్ కిట్లు అమ్మే మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. "చలికాలమంతా మీ పెరటి కరివేపాకే, తక్కువ ఖర్చులో ఇన్సులేటెడ్ గ్రీన్‌హౌస్, మనవాళ్లకు ప్రత్యేక ధర" అని వేసవి అయిపోతుండగా పోస్టులు మొదలుపెడతాడు. పేరు రాస్తే పోస్టు తీసేస్తారని రాయడం లేదు. ఆయన దగ్గర దయచేసి కొనకండి. ఇప్పటికే ఆర్డర్ ఇచ్చి ఉంటే, సరుకు మీ చేత్తో కొలిచి చూసుకునేదాకా మిగతా డబ్బు ఇవ్వకండి. నిన్న ఫోన్‌లో ఆయన మాట్లాడిన తీరుకు నా ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. కోపం చల్లారాక నెమ్మదిగా రాద్దామంటే ఈలోపు ఇంకో నాలుగు కుటుంబాలు డబ్బు కట్టేస్తాయి.

సంగతి క్లుప్తంగా చెప్తాను. 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు కిట్. ధర 2,400 డాలర్లు, సగం ముందు, సగం బిగించాక, రెండూ జెల్‌లోనే (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే పద్ధతి). వాట్సాప్‌లో ఆయన పెట్టిన మెసేజ్ నా దగ్గరే ఉంది: దక్షిణం వైపూ కప్పుకూ 8 మి.మీ. ట్విన్‌వాల్ పాలికార్బొనేట్ షీట్లు (రెండు పలుచటి గోడల మధ్య గాలి ఉండే గట్టి ప్లాస్టిక్), ఎండకు పాడవకుండా యూవీ కోటింగ్ ఉన్నవి. ఉత్తరం గోడకూ, పునాది చుట్టూ మట్టిలో రెండడుగుల లోతుకూ 2 అంగుళాల పింక్ ఫోమ్ బోర్డు. అక్టోబర్‌లో మేమిద్దరం ఆఫీసుల్లో ఉన్న రోజు ఇద్దరు మనుషులు వచ్చి బిగించి వెళ్లారు. ఇంట్లో మామయ్యగారు ఒక్కరే ఉన్నారు. సాయంత్రం ఫోటోలు పంపి మిగతా డబ్బు అడిగాడు, ఇచ్చాం.

ఆయన పోస్టుల్లో "మిన్నెసోటా యూనివర్సిటీ డిజైన్" అనే మాట ప్రతిసారీ ఉంటుంది. ఆ డిజైన్ నిజంగానే ఉంది, దాన్ని డీప్ వింటర్ గ్రీన్‌హౌస్ అంటారు, యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (రైతులకు సలహాలిచ్చే విభాగం) వాళ్లు ప్లాన్లు కూడా ఇస్తారు. అందులో దక్షిణం వైపు మాత్రమే వెలుతురు వచ్చే షీటు ఉంటుంది. చలికాలంలో కిందుగా ఉండే సూర్యుడి ఎండ నేరుగా లోపల పడేలా, మంచు నిలవకుండా జారిపోయేలా దాన్ని బాగా నిటారుగా పెడతారు. మిగతా గోడలన్నీ మన ఇంటి గోడల్లా ఇన్సులేషన్‌తో మూసేస్తారు. మొక్కల మట్టి కింద రాళ్లు పరిచి ఉంటాయి. పగలు పైన చేరిన వేడిగాలిని ఫ్యాన్ ఆ రాళ్లలోకి తోస్తుంది, రాత్రి ఆ వేడి మెల్లగా పైకి వస్తుంది. మా పెరట్లో నిలబెట్టినదానిలో ఇవేవీ లేవు. కప్పు వాలు ఎంత తక్కువంటే మొదటి మంచుకే అంతా పైన పేరుకుపోయి, షీట్లు లోపలికి వంగిపోయాయి.

ఇంకో మాట ఆయన ఎవరికీ చెప్పడు. మిన్నెసోటాలో గడ్డకట్టే చలి ఉన్నా చాలా రోజులు ఎండ కాస్తుంది. మనకు నవంబర్, డిసెంబర్‌లలో గ్రేట్ లేక్స్ మీదుగా వచ్చే మబ్బులు వదలవు. పగలు వేడి నిల్వ చేసుకోవడానికి ఎండే లేనప్పుడు, లోపలున్న కాస్త వేడిని బయటికి పోనివ్వకుండా ఆపడమే ఇక్కడ ముఖ్యం. అంటే షీటు మందం, ఫోమ్ బోర్డు మందం. ఆయన దొంగిలించింది సరిగ్గా ఆ రెండింటినే.

మొన్న రాత్రి ఈదురుగాలికి దక్షిణం వైపు షీటు ఒకటి ఫ్రేములోంచి ఊడి పక్కింటి కంచె దగ్గర పడింది. బయట మైనస్ 17 డిగ్రీల సెల్సియస్. తెల్లారి మావారు ఆ షీటు తెచ్చి గరాజ్‌లో పెట్టారు. మామయ్యగారు దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, "ఇంత తేలిగ్గా ఉందేంటమ్మా" అన్నారు. అప్పుడు మావారి టూల్‌బాక్స్‌లోంచి మందం కొలిచే కాలిపర్ తీసి అంచు పట్టి చూశాను. 3.9 మి.మీ. ఇంకోచోట పట్టాను, మళ్లీ 3.9. బాత్రూమ్ తూకం మీద మావారు షీటు పట్టుకుని నిలబడి, తర్వాత ఒక్కరే నిలబడ్డారు. తేడా రెండున్నర కిలోలు కూడా లేదు. 8 మి.మీ. షీటు చదరపు మీటరుకు కిలోన్నర ఉంటుంది, 4 మి.మీ.ది 800 గ్రాములు. నాలుగడుగులకు ఎనిమిదడుగుల షీటు అంటే దాదాపు 3 చదరపు మీటర్లు, కాబట్టి అసలు సరుకైతే నాలుగున్నర కిలోలు తూగాలి.

షీటు అంచు దగ్గరగా చూస్తే ఇంకా ఘోరం. ట్విన్‌వాల్ షీటు లోపల సన్నటి గొట్టాల్లాంటి గాళ్లు ఉంటాయి కదా, అవి నిలువుగా ఉండాలి, లోపల చేరిన చెమ్మ కిందికి జారిపోవడానికి. పై అంచుకు అల్యూమినియం టేపు, కింది అంచుకు గాలాడే టేపు వేయాలి. వీళ్లు అడ్డంగా బిగించారు, టేపు ఎక్కడా లేదు. ఒక్కో గాడిలో నీళ్లు నిలిచి ఐసు పుల్లల్లా గడ్డకట్టి ఉన్నాయి, వాటి పక్కనే పచ్చగా పాచి. గాలి ఉండాల్సిన చోట ఐసు ఉంటే అది ఇన్సులేషన్ ఎలా అవుతుంది?

మావారు మంచు తవ్వి పునాది దగ్గర చూశారు. పింక్ బోర్డు లేదు. టీవీ డబ్బాల్లో వచ్చే తెల్ల థర్మకోల్, అంగుళం మందం, అదీ గడ్డి మీద ఆనించి పైన మట్టి కప్పారు. పింక్ బోర్డుకు అంగుళానికి ఆర్-విలువ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 5, రెండంగుళాలకు 10. ఈ తెల్లదానికి అంగుళానికి 4కు కాస్త అటూ ఇటూ, తడి పీల్చుకుంటే ఇంకా తక్కువ. మిషిగన్‌లో ఇళ్ల పునాదులు 42 అంగుళాల లోతుకు వేయమంటారు, నేల అంత లోతు దాకా గడ్డకడుతుందని. పక్కల నుంచి వచ్చే ఆ చలిని ఆపడానికే బోర్డును మట్టిలోకి దింపుతారు. పైన ఆనిస్తే అది ఉన్నా లేనట్టే.

ఇక ఫోన్ సంగతి. నేను ఈ పోస్టు రాస్తున్నది అసలు దీనికోసమే.

స్పీకర్‌లో పెట్టి మర్యాదగానే మొదలుపెట్టాను. "షీట్లు 4 మి.మీ. ఉన్నాయండీ, మీరు 8 అని రాశారు" అన్నాను. ముందు "చలికి షీటు కుదించుకుపోతుంది" అన్నాడు. సగానికి సగం కుదించుకుపోతుందా అని అడిగితే, "రెండు గోడలు కలిపి 8, ఒక్కోటి 4" అన్నాడు. కాలిపర్‌తో రెండు గోడలూ కలిపే కొలిచామన్నాను. అప్పుడు గొంతు పెంచాడు. "మేడమ్, మూడు డాలర్లకు షాపులో కరివేపాకు దొరుకుతుంది. కొనుక్కుని తినండి. నా టైమ్ వేస్ట్ చేయకండి." డబ్బు చేరేదాకా ప్రతి మాటకూ అక్కా అక్కా అన్న మనిషి.

మామయ్యగారు పక్కనే ఉన్నారు. ఆయన గొడవపడే మనిషి కాదు. బాపట్ల దగ్గర నలభై ఏళ్లు వ్యవసాయం చేసి, మొన్న వేసవిలో మా దగ్గరికి వచ్చారు. ఆ గ్రీన్‌హౌస్‌లో మడులు కట్టింది, పాలకూర, మెంతికూర, కొత్తిమీర చల్లింది అంతా ఆయనే. "బాబూ, బిగించే రోజు నేను అక్కడే ఉన్నాను. షీట్ల మీద కాగితం ఏదీ లేదేంటని మీ మనుషుల్ని అడిగాను, ముందే తీసేశామన్నారు" అన్నారు నెమ్మదిగా. యూవీ కోటింగ్ ఉన్న షీటుకు ఏ వైపు ఎండకు పెట్టాలో రాసి ఉండే ప్లాస్టిక్ పొర ఉంటుంది. మందం కూడా చాలాసార్లు దాని మీదే ఉంటుంది. ఆయన అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న.

దానికి వాడు, అవును, ఇక్కడ నాకు "ఆయన" అని రాయబుద్ధి కావడం లేదు, "ముసలాయనా, ఇది మీ ఊరి పొలం కాదు, అమెరికా. తెలియని విషయాల్లో వేలు పెట్టకుండా రామా కృష్ణా అనుకుంటూ కూర్చో" అని ఫోన్ పెట్టేశాడు. ఐదు నిమిషాల్లో నా నంబర్ బ్లాక్ చేశాడు, గ్రూపులోంచి తీసేశాడు.

మామయ్యగారు ఏమీ అనలేదు. లేచి వెళ్లి ఊడిన చోట పాత రజాయి కట్టి, లోపల బతికి ఉన్న పాలకూర మీద దుప్పట్లు కప్పొచ్చారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. 2,400 డాలర్లు ఎప్పటికైనా సంపాదించుకుంటాం. వయసులో తండ్రిలాంటి మనిషిని, చేసిన పని తెలిసిన రైతును, అదీ తప్పు తనదై ఉండి, అంత మాట అన్నవాడు మన గ్రూపుల్లో "మనవాడు" అనిపించుకుంటూ తిరగడం నేను ఊరుకోలేను.

కరివేపాకు మొక్కలు రెండూ ఆ ఒక్క రాత్రికే నల్లబడ్డాయి. మా అమ్మాయి పుట్టిన ఏడాది స్నేహితురాలు ఇచ్చిన పిలక నుంచి పెంచినవి. ఇక్కడ ఇంకో మొక్క తెప్పించుకోవడం కూడా తేలిక కాదు. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే సిల్లిడ్ అనే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి కొన్ని రాష్ట్రాల నుంచి మొక్క బయటికి పంపడం మీద ఆంక్షలున్నాయి. కుండీలు ఇంట్లోకి తెచ్చాం, వేరు నుంచి చిగురేస్తుందేమో చూడాలి.

"4 అయినా 8 అయినా పెద్ద తేడా ఏముంది" అని గ్రూపులో ఒకాయన వాడిని వెనకేసుకొచ్చాడట. తేడా ఇదీ. మా దానిలో వెలుతురు వచ్చే షీటు దాదాపు 20 చదరపు మీటర్లు. లోపల 7 డిగ్రీలు ఉండాలి, బయట మైనస్ 17, అంటే 24 డిగ్రీల తేడా. 8 మి.మీ. షీటైతే దానిలోంచి దాదాపు 1,600 వాట్లు పోతుంది. 4 మి.మీ. అయితే దాదాపు 1,900, అదీ గాళ్లలో ఐసు లేకుండా ఉంటే. మామూలు ప్లగ్గుకు పెట్టే హీటర్ 1,500 వాట్లే ఇస్తుంది. లోపల నీళ్ల డ్రమ్ములు పెట్టాం, 55 గ్యాలన్ల డ్రమ్ము ఒకటి 10 డిగ్రీలు చల్లబడితే దాదాపు 2.4 యూనిట్ల వేడి వదులుతుంది. 8 మి.మీ. ఉంటే హీటరూ డ్రమ్ములూ కలిసి ఆ రాత్రి గట్టెక్కించేవేమో. అంతకంటే ముఖ్యంగా, మందపు షీటు గాలికి విల్లులా వంగి ఫ్రేములోంచి అంత తేలిగ్గా ఊడిపోదు. డిసెంబర్ కరెంటు బిల్లు చూసి హీటర్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాం. ఆ డబ్బంతా ఈ షీట్లలోంచే పోయింది.

"వారం వారం కోతలు" అన్న వాడి మాట కూడా నమ్మకండి. మన దగ్గర నవంబర్ రెండో వారం నుంచి జనవరి నెలాఖరు దాకా పగలు 10 గంటల లోపే. అప్పుడు లోపల ఎంత వెచ్చగా ఉన్నా ఆకుకూరలు పెరగడం దాదాపు ఆగిపోతుంది. అక్టోబర్ కల్లా పెరిగినదాన్ని కాపాడుకుని కోసుకోవడమే. పాలకూర, కొత్తిమీర చలికి కాస్త తట్టుకుంటాయి. గోంగూర, తోటకూర ఈ నెలల్లో ఆశ పెట్టుకోవద్దు.

తక్కువ ఖర్చులో కావాలంటే కిట్టే అక్కర్లేదు. 16 అడుగుల కాటిల్ ప్యానెళ్లు (పశువుల కంచెకు వాడే ఇనుప జాలీ) విల్లులా వంచి, పైన నాలుగేళ్ల గ్యారంటీ ఉన్న 6 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) మందం గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్ రెండు పొరలు వేసి, మధ్యలో చిన్న బ్లోయర్‌తో గాలి నింపితే దాదాపు ఈ 4 మి.మీ. షీటంత పనే చేస్తుంది, ఖర్చు చాలా తక్కువ. హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే మామూలు ప్లాస్టిక్ మాత్రం వద్దు, ఎండకు ఏడాది తిరక్కుండానే చిరుగుతుంది. రాత్రిళ్లు లోపల మడుల మీద చిన్న కమ్మీలు పెట్టి రో కవర్ అనే, మొక్కల మీద కప్పే పల్చటి గుడ్డ కప్పండి. ఇప్పుడు మా పాలకూరను బతికిస్తున్నది అదే.

షీట్లు కొంటే పొర తీయకుండా తెమ్మనండి, కాలిపర్ పెట్టండి, తూకం వేయండి. ఫోమ్ బోర్డు మట్టిలోకి దిగుతున్నప్పుడు ఫోటో తీయండి. డబ్బు క్రెడిట్ కార్డు మీద మాత్రమే కట్టండి. సరుకు తేడా వస్తే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. జెల్‌లో పంపింది వెనక్కి రాదు, మా బ్యాంకు ఆ మాటే చెప్పింది.

నేను మిషిగన్ అటార్నీ జనరల్ ఆఫీసు వినియోగదారుల విభాగంలో ఆన్‌లైన్ ఫిర్యాదు పెడుతున్నాను, స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు)లో కూడా వేస్తున్నాను. అక్కడ లాయర్లు ఉండరు, మన కాగితాలు మనమే చూపించుకోవాలి. వాడి దగ్గర కిట్ కొన్నవాళ్లు ఇవాళే వెళ్లి షీటు అంచు కొలిచి చూడండి. 8 రాసి 4 ఇచ్చి ఉంటే కొలత ఫోటో, వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన తేదీ నాకు పంపండి. అందరివీ కలిపి పెడతాను.