ప్రెజర్ రెగ్యులేటర్ ఉందని చెప్పి అమ్మే స్ప్రింక్లర్ హెడ్లను విప్పి చూడనిదే కొనకండి

లాన్‌కు పాప్-అప్ స్ప్రింక్లర్లు (నీరు వదలగానే నేలలోంచి పైకి లేచి జల్లు కొట్టేవి) పెట్టించుకోవాలనుకునేవారు డబ్బు చెల్లించే ముందు దయచేసి ఇది చదవండి. "రెగ్యులేటర్ హెడ్ లోపలే ఉంది, విడిగా ఏదీ బిగించనక్కరలేదు" అని నమ్మబలికి, మామూలు వాటికంటే బాగా ఎక్కువ ధరకు నాకు అమ్మిన స్ప్రే హెడ్లలో నీటి ఒత్తిడిని తగ్గించి అదుపులో ఉంచే ఆ రెగ్యులేటరే లేదు. పెట్టె మీద ఆ మాట పెద్ద అక్షరాలతో ముద్రించి ఉన్నప్పటికీ బిల్లులో మాత్రం ఉత్త "స్ప్రే హెడ్" అని రాశారు. సరుకు వాపసు తీసుకోమన్నప్పుడు వారు పట్టుకున్నది ఆ బిల్లులోని మాటనే.

వాల్వ్ తెరవగానే హెడ్ కొసన నీరు చిమ్మే నాజిల్ నుంచి నీరు చినుకులుగా పడకుండా పొగమంచులా పైకి లేచేది. ఏ కాస్త గాలి వీచినా ఆ తుంపర పక్కనున్న గోడనూ, నడకదారినీ తడిపేది కానీ గడ్డి మాత్రం మచ్చలు మచ్చలుగా ఎండిపోతూ వచ్చింది. ఒత్తిడి మితిమీరినప్పుడు కనిపించే లక్షణం సరిగ్గా ఇదే. అయినా అమ్మినవారూ, బిగించినవారూ కూడా నాజిల్ నడినెత్తిన ఉండే చిన్న స్క్రూ తిప్పితే సరిపోతుందన్నారు. ఆ స్క్రూ చేసే పని వేరు. దానిని కుడివైపు బిగిస్తే నీరు వెళ్ళే దూరం తగ్గుతుందే తప్ప, నాజిల్ కింద ఉన్న ఒత్తిడి తగ్గదు. అది కూడా నాజిల్ అసలు దూరంలో నాలుగో వంతుకు మించి తగ్గించకూడదు. అంతకు మించి బిగిస్తే జల్లు చెదిరిపోయి, ఒకచోట నీరు నిలిచి, మరొకచోట నేల పొడిగా ఉండిపోతుంది. దూరం ఇంకా తగ్గాలంటే చిన్న నాజిల్ మార్చడమే సరైన పద్ధతి.

సాధారణ స్ప్రే నాజిల్ సుమారు 30 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వద్ద, అంటే 2 బార్ల దగ్గర బాగా పనిచేస్తుంది. తిరుగుతూ సన్నని ధారలు చిమ్మే రోటరీ నాజిళ్ళకు 40 పీఎస్ఐ, నీటి ధారను నెమ్మదిగా తిప్పుతూ దూరం చిమ్మే పెద్ద గేర్ రోటర్లకు సుమారు 45 పీఎస్ఐ కావాలి. ఒత్తిడి 30 నుంచి 60కి పెరిగితే అదే నాజిల్ గుండా పోయే నీరు సుమారు 40 శాతం పెరుగుతుంది, పైగా అందులో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. ఒత్తిడిని కొలిచే విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నీరు కదలకుండా ఉన్నప్పుడు కుళాయికి గేజ్ పెట్టి చూసే అంకె ఇక్కడ పనికిరాదు. ఆ వరుసలోని హెడ్లన్నీ నడుస్తుండగా, పైకి లేచే గొట్టానికీ నాజిల్‌కూ మధ్యన బిగించే టీ (T) ఆకారపు పైపు ముక్కకు గేజ్ తగిలించి చూడాలి. లోపల రెగ్యులేటర్ ఉన్న హెడ్‌లో ఒత్తిడి ఆ గొట్టం దాటేటప్పుడే తగ్గుతుంది కాబట్టి, కింద పైపు దగ్గర కొలిస్తే అసలు సరుకుకూ నకిలీకీ తేడా తెలియదు. నేను నాజిల్ దగ్గర కొలిచినప్పుడు గేజ్ 58 చూపించింది.

ఆ అంకె చూపినా వారు ఒప్పుకోకపోవడంతో వారి ముందే ఒక హెడ్ విప్పాను. పై మూత తిప్పి, గొట్టాన్ని బయటికి లాగి, నాజిల్‌నూ దాని కింది ఫిల్టర్ జాలీనీ తీసేస్తే మిగిలింది ఈ చివర నుంచి ఆ చివరకు వెలుతురు కనిపించే ఖాళీ ప్లాస్టిక్ గొట్టం. నిజంగా రెగ్యులేటర్ ఉన్న దానిలో ఆ గొట్టం లోపల చిన్న స్ప్రింగూ, దానికి ఎదురుగా ఒత్తిడితో కదిలే భాగమూ అమర్చి ఉంటాయి కనుక అవతలి వైపు అలా కనిపించదు. అప్పుడు వారు గొట్టం బయట చుట్టి ఉన్న పెద్ద స్ప్రింగ్‌ను చూపి, రెగ్యులేటర్ అదేనన్నారు. ఈ మాటకు ఎవరూ మోసపోకండి. నీరు ఆగాక గొట్టాన్ని తిరిగి లోపలికి దించే ఆ స్ప్రింగ్ మామూలు పాప్-అప్ హెడ్‌లో కూడా ఉంటుంది.

తరువాత వారు సర్దుబాటుగా ఇచ్చిన, పైపు వరుసలో బిగించే లైన్ రెగ్యులేటర్ కథ కూడా చెప్పాలి. ముందుగానే ఒక ఒత్తిడికి అమర్చి వచ్చే ఆ ప్లాస్టిక్ రెగ్యులేటర్‌ను వాల్వ్ దాటిన తరువాత బిగించవలసి ఉండగా, వారు వాల్వ్‌కు ముందు బిగించబోయారు. అలా బిగిస్తే ప్రధాన పైపులోని ఒత్తిడి దాని మీద రేయింబవళ్ళు నిలిచి ఉంటుంది. అటువంటివి దానికోసం తయారైనవి కావు. దాని మీది బాణం గుర్తు నీరు పారే దిక్కుకే ఉండాలి. ఎంత ప్రవాహానికి అది పనిచేస్తుందో కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఆ హద్దు కంటే తక్కువ నీరు పారితే రెగ్యులేటర్ చెప్పిన ఒత్తిడిని నిలబెట్టలేదు. వాల్వ్‌ను సగం మూసి "ఒత్తిడి తగ్గించాం" అనేవారి మాట కూడా నమ్మవద్దు. సరఫరాలో ఒత్తిడి మారిన ప్రతిసారీ ఆ లెక్క తారుమారవుతుంది.

కాబట్టి కొనేటప్పుడు మోడల్ సంఖ్యతోపాటు "రెగ్యులేటర్‌తో, 30 పీఎస్ఐ" అని బిల్లులో రాయించుకోండి. కొన్ని కంపెనీలు ఆ అంకెను హెడ్ మూత మీదే ముద్రిస్తాయి. మొత్తం సరుకు దింపించుకోకముందే ఒక్క హెడ్ తెచ్చి బిగించి, గేజ్‌తో చూడండి. స్ప్రే హెడ్లనూ రోటర్లనూ ఒకే వాల్వ్ మీద కలిపి పెడతామంటే ఒప్పుకోకండి. అంతే సమయంలో అంతే నేల మీద స్ప్రే హెడ్లు రోటర్ల కంటే కొన్ని రెట్లు ఎక్కువ నీరు పోస్తాయి.

మిద్దె మీది ట్యాంకు నుంచి నీరు వాడేవారికి ఈ రకం హెడ్లే అక్కరలేదు. ట్యాంకులోని నీటిమట్టం 10 మీటర్ల ఎత్తున ఉన్నా దొరికే ఒత్తిడి సుమారు 14 పీఎస్ఐ మాత్రమే. రెగ్యులేటర్ ఒత్తిడిని తగ్గించగలదు గాని పెంచలేదు. అటువంటిచోట హెడ్ పూర్తిగా పైకి లేవదు, మూత అంచు నుంచి నీరు కారుతుంది, జల్లు హెడ్ దగ్గరే పడి దూరాన గడ్డి ఎండుతుంది. వారు ముందుగా చూడవలసింది పంపు సంగతి. దాన్ని వదిలి రెగ్యులేటర్ ఉన్న హెడ్లు కొనమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ కొనుగోలు అక్కడితో ఆపేయండి.