నేపాల్ ట్రెక్కింగ్‌కి ఒక్క మందపాటి జాకెట్టా, పలుచని పొరలా?

"చిత్వన్ అడవి చూసి, పొఖరా వెళ్లి, అక్కణ్ణుంచి అన్నపూర్ణ బేస్ క్యాంప్ ఎక్కుతాం. బట్టలు ఏం పెట్టుకోవాలి?" సీజన్ దగ్గర పడితే చాలు, నన్ను అందరూ అడిగేది ఇదే. అడిగేవాళ్లలో చాలామంది మనసులో అప్పటికే ఒక మాట అనేసుకుని ఉంటారు. వెళ్లేది మంచు దగ్గరికి కాబట్టి ఒక బరువైన జాకెట్ కొనేస్తే ఇక టెన్షన్ ఉండదని. ఆ జాకెట్ పనికొచ్చే ప్రయాణం కూడా ఒకటుంది. బేస్ క్యాంప్‌కి మాత్రం నేను ఒకదాని మీద ఒకటి వేసుకునే పలుచని పొరలే పెట్టుకోమంటాను.

చిత్వన్ తరాయి మైదానంలో ఉంది, సముద్రమట్టానికి 200 మీటర్ల దరిదాపుల్లో. పొఖరా 800 మీటర్ల పైచిలుకు. బేస్ క్యాంప్ 4,130 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని లెక్క. అంటే చిత్వన్‌లో చెమటలు కక్కుతున్న రోజునే పైన దాదాపు పాతిక డిగ్రీలు తక్కువ ఉంటుంది. వానదీ అదే వరస. పొఖరాకి దగ్గర్లోని లుమ్లేలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కొండకు అవతల జోమ్‌సోమ్‌లో 300 కూడా పడదు. ఇన్ని వాతావరణాలకు విడివిడిగా బట్టలు సర్దుకోవడం అయ్యే పని కాదు.

ముందు మందపాటి జాకెట్ సంగతి. కదలకుండా కూర్చున్న మనిషికి దాన్ని మించింది లేదు. జీపులోనో, జోమ్‌సోమ్ దాకా విమానంలోనో వెళ్లి ముక్తినాథ్ దర్శనం చేసుకునేవాళ్లయితే నిశ్చింతగా అదే పట్టుకెళ్లండి. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, నడక తక్కువ. గుడి దగ్గరి 108 నీటి ధారల కింద తడిసి బయటికొచ్చి ఒళ్లు తుడుచుకోగానే ఒంటిని కప్పే ఒక్క బరువైన జాకెట్ ఉంటే ఆ పూటకి చాలు. పెద్దవాళ్లతో వెళ్తే మరీనూ.

బేస్ క్యాంప్ దారి అలాంటిది కాదు. ఛోమ్‌రోంగ్ ఊరు దాటగానే రాతిమెట్లు నది దాకా దిగుతాయి. వంతెన దాటాక సినువా వైపు మళ్లీ ఎక్కుడే. పొద్దున్నే చలేస్తోందని మందపాటి జాకెట్‌తో బయల్దేరితే పది నిమిషాల్లో వీపు తడిసిపోతుంది. విప్పితే లోపలున్నది ఒక్క టీషర్టే, దానికి గాలి తగిలి వణుకు. తొడుక్కుంటే మళ్లీ చెమట.

నా దృష్టిలో తేల్చేది వెచ్చదనం కాదు, ఆరడం. సాయంత్రం తడిసింది పొద్దుటికి ఆరుతుందా లేదా? దారిలోని లాడ్జి గదుల్లో హీటర్లుండవు. వేడంటూ ఏమైనా ఉంటే అది డైనింగ్ హాల్లోనే, అక్కడా అందరి సాక్సులూ వేలాడుతుంటాయి. జీన్స్ ప్యాంటు ఒకటి అక్కడ ఆరేసి పొద్దున్నే ముట్టుకుని చూడండి. తొడల దగ్గర ఆరినట్టే ఉంటుంది. నడుము పట్టీ మీద, జేబుల అడుగున చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. ఆ తడి ఒంటికి రాసుకుంటూ ఇంకో రోజంతా ఎక్కాలి. మందపాటి జాకెట్ చంకల కింద, మెడ పట్టీ లోపలా అదే పరిస్థితి. పలుచని పాలిస్టర్ బనియనయితే పిండి ఆరేస్తే తెల్లారేసరికి చాలావరకు ఆరిపోతుంది. కాస్త తడి మిగిలినా తొడుక్కుని నడుస్తుంటే ఒంటి వేడికే ఆరుతుంది.

అందుకే ఒంటికి ఆనుకుని పాలిస్టర్‌ది గానీ మెరినో ఉన్నిది గానీ ఫుల్ హ్యాండ్స్, దాని మీద నూగులా మెత్తగా, వెచ్చగా ఉండే ఫ్లీస్ చొక్కా, గాలికీ వానకీ రెయిన్ జాకెట్. ఇవి నడవడానికి. వీటికి తోడు పక్షి ఈకలు నింపిన తేలికైన డౌన్ జాకెట్ ఒకటి, ఆగినప్పుడు వేసుకోవడానికి మాత్రమే. ఇది గట్టిగా చెప్తున్నాను, డౌన్ వేసుకుని మెట్లెక్కకండి. లోపలి ఈకలు తడిస్తే ఉండలు కట్టేస్తాయి, ఇక వెచ్చదనం పోయినట్టే. బ్యాగులో కూడా ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. అక్టోబర్, నవంబర్‌లలో ఆకాశం చాలావరకు తేటగా ఉంటుంది కాబట్టి డౌన్ మేలు. మార్చి, ఏప్రిల్‌లలో మధ్యాహ్నాలు జల్లులు పడుతుంటాయి. అప్పుడు వెళ్లేవాళ్లు సింథటిక్ నింపిన జాకెట్ తీసుకుంటే తడిసినా కొంత వెచ్చగానే ఉంటుంది.

పొరల్లో నాకు నచ్చే ఇంకో సంగతి, బ్యాగులో ఏదీ దండగగా కూర్చోదు. చిత్వన్‌లో ఎండకీ దోమలకీ ఆ ఫుల్ హ్యాండ్సే అడ్డం. అడవిలో నడిచేటప్పుడు ఎలాగూ మట్టిరంగు, ఆకుపచ్చ లాంటి కొట్టొచ్చినట్టు కనబడని రంగులే వేసుకోవాలి కాబట్టి కొనేటప్పుడే ఆ రంగు చూసుకోండి. పొఖరాలో వానొస్తే రెయిన్ జాకెట్ ఎలాగూ ఉంది. మందపాటి జాకెట్ మాత్రం పైకి చేరేదాకా బ్యాగులో సగం జాగా తినేస్తుంది. పోర్టర్‌ని పెట్టుకున్నా ఆ బరువు మోసేది ఒక మనిషే కదా.

షూ దగ్గరా నేను ఆరడమే చూస్తాను. చీలమండ దాకా వచ్చే లెదర్ బూట్లు లోపల తడిశాయంటే రెండు రోజులైనా ఆరవు. మంచు లేని నెలల్లో పట్టు బాగున్న తేలిక షూ నయం. చలికాలంలో, మార్చి మొదట్లో పైన మంచు ఉంటుంది కాబట్టి అప్పుడు బూట్లే. ఏవైనా సరే ఇంటి దగ్గర బాగా నడిచి అలవాటైనవై ఉండాలి.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా అంటే డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ రెండూ ఖాట్మండు థమేల్‌లో, పొఖరా లేక్‌సైడ్‌లో అద్దెకు దొరుకుతాయి. జిప్ పైదాకా లాగి చూడండి, భుజాల దగ్గర నొక్కి లోపల ఖాళీ అయిపోలేదు కదా అని చూసుకోండి. షూ, లోపలి బట్టలు సొంతవే. సూట్‌కేసా, మెత్తటి సంచిలాంటి డఫెల్ బ్యాగా అంటే డఫెలే. ట్రెక్కింగ్‌లో అక్కర్లేని బట్టలు పొఖరా హోటల్లో వదిలి వెళ్లొచ్చు, చాలాచోట్ల దాచిపెడతారు. గది బుక్ చేసేటప్పుడే అడగండి.