ఏరేటర్ విడిభాగాలకు ఫ్రీక్యాడ్: ఏళ్ల తరబడి వాడాక

భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలుపుతూ తిరిగే ప్యాడిల్ ఏరేటర్లకు బ్రాకెట్లు, హబ్‌లు, బుష్‌లు చేసే చిన్న వర్క్‌షాపుకి, కంప్యూటర్లో పార్టులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్ చాలు. డబ్బు పోసి లైసెన్సు కొనక్కర్లేదు.

పాత వెర్షన్ మాత్రం వద్దు. 2024 నవంబరులో 1.0 రాకముందు, మొదటి స్కెచ్‌లో ఒక్క గీత మార్చినా తర్వాత వేసిన రంధ్రాలు, ఫిల్లెట్లు (అంచుల గుండ్రింపులు) వేరే అంచుకి ఎగిరిపోయేవి. ఇప్పుడు బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అందుకే స్కెచ్‌ని పార్టు ముఖం మీద కాకుండా ఎక్స్‌వై లాంటి మూల ప్లేన్ల మీదే గీయండి. ఫిల్లెట్లు అన్నిటికన్నా చివర వేయండి.

కొలతలన్నీ స్ప్రెడ్‌షీట్ వర్క్‌బెంచ్‌లో (ఫ్రీక్యాడ్‌లో ఒక్కో పనికి ఉండే విభాగాన్ని వర్క్‌బెంచ్ అంటారు) రాసి స్కెచ్‌కి కలపడం ఇందులో నిజమైన సుఖం. 25 మి.మీ. షాఫ్టుకి కీ (షాఫ్టునీ హబ్‌నీ కలిపి తిప్పే చీలక) 8×7, దాని గాడి లోతు షాఫ్టులో 4, హబ్‌లో 3.3. 35 మి.మీ. షాఫ్టు వస్తే కీ 10×8, లోతు 5 అని గళ్లు మారిస్తే హబ్ అదే మారుతుంది.

ఎక్కువ మెటీరియల్ పాడయ్యేది రేకు పనిలో. 2 మి.మీ. స్టీలు రేకు, లోపలి వ్యాసార్ధం 2, వంపు 90 డిగ్రీలు, కె-ఫ్యాక్టర్ (వంచినప్పుడు సాగని పొర రేకు మందంలో ఎక్కడుందో చెప్పే నిష్పత్తి) 0.44 అనుకుంటే వంపులోకి పోయే పొడవు 4.52 మి.మీ. రేకు పనికి ఫ్రీక్యాడ్‌లో కలుపుకునే షీట్‌మెటల్ యాడాన్‌లో ఈ కె-ఫ్యాక్టర్ చెప్పడానికి ఆన్సీ, డిన్ అని రెండు పద్ధతులున్నాయి. డిన్ విలువ ఆన్సీకి రెట్టింపు. డిన్ ఎంచుకుని 0.44 కొడితే ఆ పొడవు 3.83కి పడిపోతుంది. నాలుగు వంపుల బ్రాకెట్ దాదాపు 2.8 మి.మీ. పొట్టిదవుతుంది, ఫ్లోటు రంధ్రాల్లో బోల్టులు దిగవు.

0.44ని కూడా గుడ్డిగా నమ్మకండి. అదే రేకులో 100 మి.మీ. పట్టీ కోసి మీ ప్రెస్ మీదే 90 డిగ్రీలకు వంచండి. బయటి కొలతల్లో రెండు కాళ్లూ కలిపి 103.5 వస్తే 0.44 సరైనదే. డై మారిస్తే మళ్లీ చూసుకోవాలి.

లేజర్ కటింగ్‌కి డీఎక్స్ఎఫ్ (కోత గీతలుండే ఫైలు) పంపేముందు దాన్ని మళ్లీ తెరిచి ఒక రంధ్రం వ్యాసం కొలవండి, మి.మీ.ల్లోనే ఉందో లేదో తెలుస్తుంది. కోత మందాన్ని (లేజర్ కాల్చేసే వెడల్పుని) కటింగ్ వాళ్లే కలుపుతారేమో ముందే అడగండి. మీరూ వాళ్లూ ఇద్దరూ కలిపితే రంధ్రాలు బిగుతవుతాయి.

యంత్రానికి కోత దారులు తయారుచేసే క్యామ్ వర్క్‌బెంచ్ మిల్లింగ్ వరకు బాగుంది. లేత్ పనికి దాని జోలికి పోకుండా, డ్రాయింగులు తీసే టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో టాలరెన్సులతో (కొలతలో ఒప్పుకునే తేడాలతో) డ్రాయింగ్ తీసి టర్నర్ చేతికివ్వండి.