మద్రాసు రేవు గోడను ఎక్కడి నుంచి చూడాలి

చెన్నై రేవు లోపలికి తీసుకువెళ్లి, 1876లో పని మొదలైన పాత అలల అడ్డుగోడను దగ్గర నుంచి చూపిస్తామని చెప్పే ఏజెంట్లకు ఎవరూ ముందుగా డబ్బు కట్టవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మనిషికి 1,850 రూపాయల చొప్పున ముగ్గురికి 5,550 అని మాట్లాడుకుని, అందులో 3,000 ముందుగానే చెల్లించాము. తీరా గేటు దగ్గర భద్రతా సిబ్బంది ప్రవేశ అనుమతి పత్రం అడిగితే, మా వెంట వచ్చిన మనిషి చేతిలో ఏ కాగితమూ లేదు. అనుమతి లేనిదే ఎవరినీ లోపలికి పంపలేమని సిబ్బంది మర్యాదగానే చెప్పారు. ఏజెంటు మాత్రం ఫోనులో, రసీదు మీద ‘నగర దర్శనం’ అని మాత్రమే ఉంది కదా అని ఎదురు వాదించి, అరగంట తరువాత 1,000 రూపాయలు తిరిగి ఇచ్చి చేతులు దులుపుకున్నాడు.

మా బావగారు నీటిపారుదల శాఖ కాంట్రాక్టులు చేసిన మనిషి. పోయిన రెండు వేల రూపాయల కంటే, రసీదులో పని వివరం రాయకుండా డబ్బు తీసుకోవడమే ఆయనకు ఎక్కువ కోపం తెప్పించింది. అక్క మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. సెంట్రల్ స్టేషను దగ్గర 2,200 రూపాయల గది శుభ్రంగానే ఉంది. దాని గురించి చెప్పవలసింది ఇంకేమీ లేదు.

ఆ రోజును నిలబెట్టింది మెరీనా లైట్‌హౌస్. లిఫ్టులో పైకి వెళ్లి ఉత్తరం వైపు తిరిగితే రేవు గోడల గీత దూరంగా కనిపిస్తుంది, కింద ఇసుక మైదానం పరుచుకుని ఉంటుంది. ఈ రెండింటికీ ఉన్న సంబంధం పుస్తకంలో చదివినదానికంటే అక్కడ నిలబడి చూసినప్పుడే నాకు బాగా అర్థమైంది.

మద్రాసుకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులూ సరుకూ, పలకలను తాళ్లతో కుట్టి చేసిన మసూలా పడవల మీద అలలు దాటి ఒడ్డుకు చేరవలసి వచ్చేది. దీనికి విలియం పార్క్స్ అనే ఇంజనీరు, సుమారు 3,000 అడుగుల ఎడంతో రెండు గోడలను సముద్రంలోకి నడిపి, కొసలను లోపలికి తిప్పి, తూర్పున ఓడలకు దారి వదిలే నమూనా ఇచ్చాడు. 1875 డిసెంబరులో వేల్స్ యువరాజు శంకుస్థాపన చేశాడు. అడుగున రాతి గుట్ట, దాని మీద ఇరవై టన్నులకు మించిన కాంక్రీటు దిమ్మెలు రెండు వరుసలుగా, ఒక వరుసకూ మరో వరుసకూ ముడి లేకుండా పేర్చారు. గుట్ట కుంగినా ఏ వరుసకు ఆ వరుస సర్దుకుంటుందన్నది ఆలోచన. ఇదే పద్ధతిలో కట్టిన కరాచీలోని మనోరా గోడ 1873లో పూర్తయి నిలిచింది. కానీ కరాచీ తీరం వేరు, ఏటా తుఫానుల కాలం ఎదుర్కొనే ఈ తీరం వేరు. 1881 నవంబరు 12న, పని ముగింపుకు వచ్చిన సమయంలో, తుఫాను గుట్ట మీది దిమ్మెలను పడదోసి, గోడలను చాలా మేర నేలమట్టం చేసింది. ఒక తీరంలో నెగ్గిన నమూనాను మరో తీరానికి తెచ్చేటప్పుడు అక్కడి తుఫానుల లెక్క ముందుగా తీయకపోవడం క్షమించదగిన లోపం కాదని నా అభిప్రాయం.

బావగారు వెంటనే అడిగిన ప్రశ్న, ఇలాంటి పనికి కొలత ఎలా రాస్తారని. కాలువ గట్టుకైతే కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, ఎత్తు వేసి బిల్లు చేయవచ్చు. సముద్రంలో పోసిన రాయిలో కొంత ఇసుకలోకి దిగిపోతుంది, కొంత అలలకు జారిపోతుంది. కాటా మీద తూచి టన్నుకింత అని ఇస్తే ఆ నష్టం ప్రభుత్వానిది, నిలిచిన గుట్ట ఆకారాన్ని కొలిచి ఇస్తే కాంట్రాక్టరుది. అందుకే టెండరులోనే ఆ సంగతి తేల్చుకోవాలని, తుఫానుకు ముందు పోసిన రాయికి ఎవరు పూచీ అన్నది విడిగా రాసుకోవాలని ఆయన లైట్‌హౌస్ దిగేదాకా చెబుతూనే ఉన్నారు.

గోడను తిరిగి కట్టారు గాని, ఇసుక చిక్కు తీరలేదు. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. అడ్డంగా గోడ లేచేసరికి దక్షిణాన పేరుకుని మెరీనాను వెడల్పు చేసింది. 1842లో అమెరికా నుంచి వచ్చే మంచుగడ్డను దించుకోవడానికి నీటి ఒడ్డునే కట్టిన ఐస్‌హౌస్ ఇప్పుడు సముద్రానికి ఎంత దూరంలో ఉందో చూస్తే చాలు. తూర్పు దారి కూడా పూడుకుపోతూ వచ్చింది. 1904లో, రేవును నడిపే పోర్టు ట్రస్టుకు అధ్యక్షుడిగా వచ్చిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దానిని మూయించి, ఈశాన్యం నుంచి కొత్త దారి తెరిపించాడు. ఆ తరువాత పోర్టు ట్రస్టులో శ్రీనివాస రామానుజన్‌కు గుమస్తా ఉద్యోగం ఇచ్చినప్పుడు అధ్యక్షుడు ఆయనే.

దక్షిణాన చేరిన ఇసుక ఉత్తరానికి అందలేదు కనుక అక్కడి తీరం కోతకు గురైంది. ఇది చూడాలంటే ఆటోకు 350 రూపాయలిచ్చి కాశిమేడు వైపు వెళ్లాలి. రోడ్డు పక్కన పోసిన పెద్ద బండరాళ్లే అక్కడ ఒడ్డు. ఒక చిన్న కొట్టులో 120 రూపాయలకు వంజరం వేపుడుతో అన్నం పెట్టిన పెద్దావిడ తెలుగులోనే పలకరించి, తమ తాతల ఇల్లు ఉన్న చోటు అని అలలు విరుగుతున్న వైపు చూపించింది. యాత్రలో ఇంత మంచి భోజనం మాకు మరెక్కడా దొరకలేదు, అక్క మొహం కూడా అక్కడే తేటపడింది.

వెళ్లాలనుకునేవారు ముందు లైట్‌హౌస్, తరువాత ఐస్‌హౌస్, చివరగా కాశిమేడు పెట్టుకోండి. లైట్‌హౌస్ మధ్యాహ్నం కొంతసేపు మూసి ఉంటుంది కనుక వేళ కనుక్కుని బయలుదేరండి. రేవు లోపలికే వెళ్లాలనుకుంటే, మీ పేర్లున్న అనుమతి పత్రం చేతికి వచ్చాకే ఎవరికైనా డబ్బు ఇవ్వండి.