మతీస్ కిటికీనా, ఫ్రీడ్రిఖ్ కిటికీనా? ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోడానికి ఏది కాపీ చేయాలి

ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ 1905లో ఫ్రాన్స్ సముద్రతీర ఊరు కొలియూర్‌లో వేసిన ‘తెరిచిన కిటికీ’ బొమ్మ చూడగానే ఇదేముంది ఈజీయే అనిపిస్తుంది, కానీ బ్రష్ పట్టుకున్నాక తెలుస్తుంది, ఎడమ గోడ నీలం కలిసిన ఆకుపచ్చ, కుడి గోడ ముదురు గులాబీ, బయట సముద్రం నీళ్ళు కూడా గులాబీయే, ఆ రంగులు పక్కపక్కన ఉంటేనే మెరుస్తాయి, ఆరని రంగు మీద ఇంకో రంగు వేసేటప్పుడు ఒకదాన్లో ఒకటి కలిసిపోతే మొత్తం బురదే. అందుకే రంగుకో బ్రష్ పెట్టుకోండి, ఒక్కసారి స్ట్రోక్ వేశాక మళ్ళీ దాన్ని కెలక్కండి. డ్రాయింగ్ కాస్త అటూఇటూ అయినా పర్లేదు.

జర్మన్ చిత్రకారుడు ఫ్రీడ్రిఖ్ 1822లో వేసిన ‘కిటికీ దగ్గర స్త్రీ’ బొమ్మ దీనికి పూర్తిగా రివర్స్. గోధుమ రంగు గది, వెనక్కి తిరిగి నిల్చున్న ఆవిడ (ఆయన భార్యే), బయట పడవ తెరచాప స్తంభం, అంతే. రంగులు తక్కువే కానీ కిటికీ ఫ్రేమ్ గీత వంకరపోతే బొమ్మంతా పోయినట్టే, పైగా నున్నగా రావాలంటే పల్చటి పొరలు వేసుకుంటూ పోవాలి, ప్రతి పొరా ఆరేదాకా ఆగాలి, కింద పొరల్లో నూనె తక్కువ పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ, తిరగేస్తే తర్వాత పగుళ్ళొస్తాయి. అంబర్ (గోధుమ రంగు) త్వరగా ఆరుతుంది, టైటానియం వైట్ (తెలుపు) మాత్రం ఆరడానికి విసిగిస్తుంది.

నన్నడిగితే ముందు మతీస్‌దే. ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది, నచ్చకపోతే గీకేసి మళ్ళీ వేసుకోవచ్చు. వెలుగునీడలు సరిగ్గా పట్టుకోవడమే మీ సమస్య అయితే నేరుగా ఫ్రీడ్రిఖ్‌కి వెళ్ళిపోండి, కాకపోతే ఓపిక కావాలి.