విశాఖ ద్వారకానగర్ త్రీడీ ప్రింట్ షాపు: పని బాగుంది, కట్టర్‌తోనే జాగ్రత్త

డిగ్రీ పిల్లలకి ఇమ్యునాలజీ చెబుతాను. యాంటీబాడీ, అంటే ఒంట్లోకి చొరబడిన క్రిముల్ని పట్టుకునే ప్రోటీన్, అనగానే బోర్డు మీద వై అక్షరం గీసేయడం అలవాటైపోయింది. అన్నీ ఒకేలా ఉండవని చూపిద్దామని ఈసారి ఆ వైలో ఒక కొమ్మ, అంటే ఫ్యాబ్, ప్రింట్ చేయించాను. ప్రోటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ఫైలు ఉచితమే. రెండు కోట్ల రెట్లు పెంచినా జానెడు లేదు. 1,800 తీసుకున్నారు. షాపు ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచే దూరమే. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు.

నేను ఎంచుకున్నది మామూలు యాంటీబాడీ కాదు. ప్రతి డొమైన్‌నీ, అంటే విడిగా మడతపడిన ప్రతి భాగాన్నీ, లోపల ఒక సిస్టీన్ (సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లం) జంట జాకెట్టు హుక్కులా పట్టి ఉంచుతుంది, అది పుస్తకాల్లో ఉన్నదే. దీంట్లో ఇంకో జంట కొమ్మ కొసన ఉండే సీడీఆర్ హెచ్3 అనే మెలికలోనే ఉంది. యాంటిజెన్‌ని, అంటే యాంటీబాడీ అతుక్కునే పదార్థాన్ని, పట్టుకోవడంలో చాలాసార్లు పెద్ద పని ఆ మెలికదే. మనుషుల్లో ఐజీహెచ్‌డీ2 కుటుంబపు జన్యువులు కొన్ని, మధ్యలో నాలుగు అమైనో ఆమ్లాల ఎడంతో రెండు సిస్టీన్లని తెచ్చిపెడతాయి. వాటి సల్ఫర్లు ముడిపడితే ఊగులాడే మెలిక బిగుసుకుని వేరే రూపు తీసుకుంటుంది. ఆవుల యాంటీబాడీలు కొన్నింట్లో అయితే ఈ మెలిక 60 అమైనో ఆమ్లాలు దాటుతుంది, ముడులూ ఎక్కువే.

తీరా తీసుకోడానికి వెళ్తే, ఆ ముడే లేదు! మెలిక లోపల రెండు మొండి ముక్కలు మిగిలాయి.

“సపోర్ట్ అనుకుని కట్ చేసేశాను మేడమ్” అన్నాడు కుర్రాడు. సపోర్ట్ అంటే ప్రింట్ అయ్యేటప్పుడు ఆసరాగా వేసి, తర్వాత తీసేసే ముక్క.

తప్పు పూర్తిగా అతనిదీ కాదు. మన సముద్రపు గాలికి ఫిలమెంట్, అంటే ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ, చెమ్మ పట్టి, ప్రింట్ నిండా వెంట్రుకల్లాంటి పోగులు వస్తాయట. రీళ్లని బియ్యం డబ్బాల్లో సిలికా జెల్ వేసి దాచుకున్నారు, అయినా అంతే. ఆ పోగులు కత్తిరిస్తూ కత్తిరిస్తూ సెంటీమీటరు పొడవున్న నా బంధాన్నీ కత్తిరించాడు. అగ్గిపుల్లంత మందం కూడా లేదు మరి.

సూపర్ గ్లూతో అతికిస్తానంటే వద్దన్నాను. ఫోన్‌లో బొమ్మ తిప్పి చూపించి, “నేను డబ్బులిచ్చిందే దీని కోసం బాబూ” అన్నాను. బంధం మందం రెట్టింపు చేసి మూడో రోజుకి మళ్లీ ప్రింట్ చేసిచ్చాడు, పైసా అడగలేదు. కొలత ప్రకారం ఆ మందం తప్పే. కానీ క్లాసంతా చేతులు మారినా విరగలేదు, నేనేమీ అనను.

నాలుగు స్టార్లు. మీరు ఆర్డర్ ఇచ్చేటప్పుడే, ఏది కత్తిరించకూడదో స్క్రీన్‌షాట్ మీద ఎర్రగా గుండ్రం చుట్టి ఇవ్వండి. తెగిన ప్రింట్‌ని కూడా అడిగి తెచ్చుకున్నాను. ముడి లేని మెలిక ఎలా ఊగుతుందో వేలితో కదిపి చూపించడానికి అదే పనికొస్తోంది.